ఇంటి సామానుతో యోగాభ్యాసం: ఊతకు ఒక చరిత్ర



ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద నాలుగు మాటలు రాసివ్వమని మన సంఘ కార్యదర్శిగారు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, యోగా మాస్టరునూ కాను. ఖజానా శాఖలో ముప్పై ఆరేళ్లు కుర్చీలో కూర్చుని బిల్లులు పాసు చేసి, 2007లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే మోకాలు పాడుచేసుకుని, మళ్లీ బాగుచేసుకునే క్రమంలో కొంత చదివాను, కొంత చూశాను, కొంత సిగ్గుపడ్డాను. ఆ మూడూ మీతో పంచుకుంటాను. ఆసనాలు ఎలా వేయాలో చెప్పే పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. ఆసనానికి ఊత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి తక్కువ. అందుకే ఈ వ్యాసం.

నా మోకాలి కథ

2010లో, నాకు అరవై ఒకటో ఏట, మా పట్టణంలో ఉదయంపూట జరిగే ఒక యోగా శిక్షణకు వెళ్లాను. చెప్పేది ఓ కుర్రవాడు. మంచివాడే. పద్మాసనం వేయమన్నాడు. నాకు ఒక కాలు మడత పడితే రెండో కాలు పడదు. పక్కన మరో రిటైర్డు మిత్రుడు అవలీలగా వేసి కూర్చున్నాడు. నాకు పౌరుషం వచ్చింది. "కొంచెం నొక్కు నాయనా" అని నేనే అన్నాను. అతను నొక్కాడు. మోకాలి లోపల పటుక్కుమంది.

కీలులో మృదులాస్థి చీలిందన్నారు డాక్టరుగారు. రెండు నెలలు మంచం, ఆ తర్వాత నాలుగు నెలలు చేతికర్ర. అడిగినవాళ్లకు బాత్‌రూములో జారానని చెప్పాను. యోగా చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నానని చెప్పడానికి నామోషీ. "అరవై దాటాక ఇవన్నీ మనకు కావు" అని తీర్మానించుకుని వదిలేశాను. మీలో చాలామంది ఇలాగే తీర్మానించుకుని ఉంటారని నాకు తెలుసు.

2012లో మా అబ్బాయి ఉద్యోగరీత్యా పుణేలో ఉన్నప్పుడు అక్కడికి వెళ్లాం. పై వాటాలో ఉండే ఒక పెద్దాయన, తాను రోజూ వెళ్లే యోగా తరగతికి చూడటానికి రమ్మని తీసుకువెళ్లారు. హాలులోకి అడుగు పెట్టగానే ఇది యోగశాలా, సామాను కొట్టా అనిపించింది. గోడవారగా ఇనుప మడత కుర్చీలు, దుప్పట్ల మడతలు, పొడుగాటి దిండ్లు, చెక్క దిమ్మెలు, పట్టీలు. ఎనభై దాటినట్లున్న ఒక ముసలమ్మ వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఆమెను చూస్తూ నేను నిలబడిపోయాను. ఎందుకంటే ఆ ఆసనాన్ని అరవై ఏళ్ల క్రితమే నేను చూశాను, పర్చూరు పక్క మా పల్లెలో, మా ఇంటి అరుగు మీద.

మా అమ్మ, బోర్లించిన గంప

మా ఊరు నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970 నుంచి ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు. 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా నల్లరేగడి మారలేదు, మిరప, పత్తి మారలేదు. మిరపకాయ కోతంటే నడుము వంచి చేసే పని. కోత తర్వాత కళ్లంలో కాయ ఎండబోయాలి, తాలు ఏరాలి. తాలు ఏరడమంటే పొద్దస్తమానం గొంతుక్కూర్చునే పని. మా అమ్మ మాఘమాసం నుంచి చైత్రం దాకా ఇదే పనిలో ఉండేది.

సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఖాళీ గంప బోర్లించి, అరుగు మీద వెల్లకిలా పడుకుని రెండు పిక్కలూ గంప మీద ఆనించేది. నడుము కింద గోనెసంచి మడత. పావుగంట ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ తర్వాత లేచి పొయ్యి వెలిగించేది. నేను హైస్కూలులో చదివే రోజుల్లో స్నేహితులు ఇంటికి వస్తే, "అమ్మా, ఆ కాళ్లు దించవే, బాగుండదు" అనేవాణ్ణి. ఆమె పాపం దించేది. ఆ మాట గుర్తుకొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తనకు తెలిసిన వైద్యం తాను చేసుకుంటుంటే, చదువుకున్న కొడుకు దాన్ని మొరటుతనం అనుకున్నాడు. పుణే హాలులో ఆ ముసలమ్మను చూసేనాటికి మా అమ్మ పోయి పద్ధెనిమిదేళ్లయింది.

ఆ ప్రయాణం నుంచి వచ్చాక ఈ ఊత సంగతి కూపీ లాగుదామని చదవడం మొదలుపెట్టాను.

శాస్త్రం ఏమంటుంది?

ఆసనం అంటే స్థిరంగానూ సుఖంగానూ ఉండేది అని పతంజలి ఒక్క సూత్రంలో తేల్చేశాడు. ఫలానా ఆసనమని ఒక్క పేరూ చెప్పలేదు. ఆ సూత్రానికి భాష్యం రాసిన వ్యాసుడు కొన్ని పేర్లు ఇచ్చాడు. ఈ భాష్యం సుమారు పదహారు వందల ఏళ్ల నాటిదని పండితుల అంచనా. పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికం, దండాసనం అని చెబుతూ, ఆ వెంటనే "సోపాశ్రయం" అన్నాడు. ఉపాశ్రయంతో కూడినది, అంటే ఊత ఉన్నది. జాబితా చివరకు వచ్చేసరికి, ఎలా సుఖంగా ఉంటే అలా కూర్చోవచ్చు అనే అర్థంలో ఇంకో మాట కూడా చేర్చాడు.

నాకు కళ్లు తెరిపించింది ఈ ఒక్క మాటే. పద్మాసనం సరసనే ఊత ఆసనాన్ని కూర్చోబెట్టారు పూర్వులు. చేతకానివాళ్ల కోసం అని వేరే అనుబంధం రాయలేదు.

ఆ ఊత ఏమిటో తొమ్మిది, పది శతాబ్దాల ప్రాంతపు వాచస్పతి మిశ్రుడు చెప్పాడు. అది యోగపట్టం, అంటే వీపుకూ మోకాళ్లకూ చుట్టి కట్టుకునే గుడ్డ పట్టీ. కండరాలు మోయాల్సిన బరువును ఆ పట్టీ మోస్తుంది కాబట్టి ఎక్కువసేపు కదలకుండా కూర్చోవచ్చు. దీన్ని చూడాలంటే గ్రంథాలు తిరగేయనక్కరలేదు. అయ్యప్పస్వామి పటం చూడండి, మోకాళ్ల చుట్టూ కట్టిన పట్టీ అదే. యోగ నరసింహస్వామి విగ్రహాలలోనూ అదే. సాంచీ స్తూప తోరణాల మీద పర్ణశాల దగ్గర కూర్చున్న తాపసి మోకాళ్లకూ ఇలాంటి పట్టీయే ఉంటుంది. అంటే రెండు వేల ఏళ్ల నాటి మాట. మునులు చంక కింద పెట్టుకునే యోగదండం కూడా ఊతే. భగవద్గీత ఆరో అధ్యాయం ధ్యానానికి కూర్చునే చోటు గురించి చెబుతూ, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని ఆసనం మీద దర్భలు, చర్మం, వస్త్రం పరచుకోమంది. అదీ పరుపు సంగతే కదా.

మరి మన పల్లెల్లో రచ్చబండ మీద పెద్దవాళ్లు ఎలా కూర్చునేవారు? పైగుడ్డ తీసి, వీపు వెనక నుంచి మోకాళ్ల ముందుకు తెచ్చి ముడివేసుకుని, గంటల తరబడి పత్తి ధరలూ కోర్టు వ్యాజ్యాలూ మాట్లాడేవారు. మా తాతగారు అలా కూర్చోవడం నేను చూశాను. యోగపట్టం అనే మాట ఆయన వినలేదు. వినకపోయినా కట్టుకున్నాడు.

మరి ఊత ఎందుకు మరుగున పడింది?

ఇది నా ఊహ కాబట్టి, మీకు నచ్చితేనే తీసుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వ్యాయామానికి దేశమంతటా కొత్త ఊపు వచ్చింది. పరాయి పాలన కింద ఉన్న జాతికి కండబలం చూపించాల్సిన అవసరం తోచింది. మన తెలుగువాడు, కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీ పొంగించి ఇనుప గొలుసులు తెంచి చూపింది ఆ కాలంలోనే. 1924లో స్వామి కువలయానంద లోనావాలాలో కైవల్యధామం స్థాపించి యోగక్రియలను ప్రయోగశాలకు ఎక్కించారు. 1933లో మైసూరు మహారాజావారి ఆదరణతో జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్యులవారి యోగశాల మొదలైంది. అక్కడి విద్యార్థులు చాలావరకు కుర్రాళ్లు. సభలలో ఆసన ప్రదర్శనలిచ్చి జనాన్ని యోగం వైపు ఆకర్షించేవారు.

ఆ ప్రదర్శనలు చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ సభలో చూసేది, పత్రికలో అచ్చయ్యేది పరిపూర్ణంగా వచ్చిన ఆసనాన్నే. ఇరవై ఏళ్ల కుర్రాడి ఫొటో చూసి అరవై ఏళ్లవాడు తన కాలు మడవబోతాడు. నేను చేసింది అదే.

బెళ్లూరు రోగిష్టి పిల్లవాడు

ఊతను మళ్లీ వెలుగులోకి తెచ్చిన మహానుభావుడు ఆ మైసూరు యోగశాలలోంచే వచ్చాడు. ఆయన బి.కె.ఎస్. అయ్యంగార్. 1918 డిసెంబరు 14న కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజాతో అల్లాడుతున్న ఏడు అది. తల్లికే ఆ జ్వరం. పిల్లవాడు బలహీనంగా పుట్టి, మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ అనుభవించాడు. కృష్ణమాచార్యులవారు ఆయనకు బావగారు. ఆరోగ్యం కోసం 1934లో మైసూరు చేరాడు. ఒక సందర్భంలో గురువుగారి ఆజ్ఞ మీద సిద్ధంగా లేని హనుమదాసనం వేయబోయి తొడ కండరాలు చీలాయనీ, చాలాకాలం బాధపడ్డాననీ ఆయనే చెప్పుకున్నారు. ఇది చదివినప్పుడు నా మోకాలికి కాస్త ఊరట కలిగింది.

1937లో పుణే వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1952లో వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ బొంబాయిలో ఆయన్ను కలిశాడు. అక్కడి నుంచి ఆయన పేరు ఐరోపాకు పాకింది. బెల్జియం రాజమాత ఎలిజబెత్ ఎనభయ్యేళ్లు దాటాక ఆయన దగ్గర శీర్షాసనం నేర్చుకున్నారు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు కూడా కొన్నేళ్లపాటు ఆయన వద్ద ఆసనాలు అభ్యసించారు. 1966లో వచ్చిన "లైట్ ఆన్ యోగా" ప్రపంచమంతటా చదివిన గ్రంథం. దాని నిండా ఆయన ఆసనాల ఫొటోలే, దాదాపు ఆరువందలు.

విచిత్రమేమంటే ఆ ఫొటోలలో ఊత దాదాపుగా కనిపించదు. అది ఆయన పాఠం చెప్పే గదిలో పుట్టింది. వచ్చే శిష్యులందరూ కుర్రాళ్లు కారు. వెన్ను పట్టేసినవాళ్లు, గుండె జబ్బువాళ్లు, గర్భిణులు, వృద్ధులు. చేయి నేలకు అందనివాడికి చేతి కింద ఇటుక పెట్టారు. పాదం చేతికి అందనివాడికి పట్టీ ఇచ్చారు. మామూలు ఇనుప మడత కుర్చీకి వెనక రేకు తీసేసి, దాని మీద వెన్ను విరిచే ఆసనాలు వేయించారు. శిష్యుడు ఆసనం దగ్గరకు రాలేకపోతే ఆసనాన్నే శిష్యుడి దగ్గరకు జరిపారన్న మాట. 1975లో పుణేలో, భార్య పేరిట రమామణి అయ్యంగార్ స్మారక యోగ సంస్థ ప్రారంభమైంది. 1979లో ఆయనకు స్కూటరు ప్రమాదం జరిగింది. అరవయ్యేళ్ల వయసులో, ప్రపంచ ప్రఖ్యాతి వచ్చాక, ఆయన తన ఆసనాలను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. తాను శిష్యులకిచ్చిన ఊతలనే తాను పట్టుకుని నేర్చుకున్నారు. 2014లో పద్మవిభూషణ్ అందుకుని, అదే ఏడు ఆగస్టు 20న, తొంభై అయిదో ఏట కన్నుమూశారు. ఆ డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినోత్సవంగా ప్రకటించింది.

మన ఇంట్లో ఏమున్నాయి?

ఇప్పుడు బజారులో ఈ ఊతలన్నీ రంగురంగుల్లో అమ్ముతున్నారు. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. నేను మాత్రం ఇల్లంతా వెతికాను. నేను వాడుతున్నవి ఇవి:

ముక్కాలిపీట లేక మామూలు పీట: బాసింపట్టు వేస్తే మోకాళ్లు పైకి లేచి, నడుము వెనక్కి కూలబడేవారు పీట మీద దుప్పటి మడత వేసుకుని కూర్చోవాలి. తుంటి మోకాళ్లకంటే ఎత్తున ఉంటే వెన్ను దానంతటదే నిలబడుతుంది. ప్రాణాయామానికి ఇంతకంటే మంచి ఆసనం నాకు దొరకలేదు. అదీ కష్టమైతే కుర్చీలోనే, పాదాలు రెండూ నేలకానించి కూర్చోండి.

నవారు: పట్టెమంచాలు పోయినా అటకల మీద నవారు చుట్టలు ఇంకా ఉన్నాయి. నూలుతో నేసినది, సాగదు, చేతిని కోయదు. రెండు బారల ముక్క చాలు. వెల్లకిలా పడుకుని, ఒక కాలు చాపి ఉంచి, రెండో పాదానికి నవారు తగిలించి రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకి లేపాలి. నొప్పి రాకముందే ఆగాలి. ముడుచుకుపోయిన తొడ వెనక కండరాలు దీనితో వదులయ్యాయి. నవారు లేనివారికి చీరాల తువ్వాలు పనికొస్తుంది.

పాత దూది దిండు, బొంత: మనది పత్తి సీమ. ఒకప్పుడు దూదేకులవారు విల్లు భుజాన వేసుకుని వీధిలో కేకవేస్తే, గడ్డకట్టిన దిండ్లు విప్పి ఏకించుకునేవాళ్లం. ఆ గడ్డకట్టిన దిండే ఇక్కడ మేలు. స్పాంజి దిండు శరీరం కింద కుంగిపోతుంది, దూది నిలబడుతుంది. బొంతను చాపలా చుట్టి నవారుతో కట్టి, వెన్నెముక పొడవునా పెట్టుకుని, తల కింద చిన్న దిండుతో అయిదు నిమిషాలు పడుకుంటే ఛాతీ విచ్చుకుంటుంది.

కుర్చీ: ముప్పై ఆరేళ్లు నా నడుము పాడుచేసిన కుర్చీయే ఇప్పుడు దాన్ని బాగుచేస్తోంది. వీపు పట్టుకుని, వెనక్కి అడుగులేసి, నడుము సమంగా వంచి నిలబడవచ్చు. పక్కకు తిరిగి కూర్చుని వీపు పట్టుకుని మెల్లగా మెలి తిరగవచ్చు. చివరగా మా అమ్మ గంప బదులు దాని మీద పిక్కలు ఆనించి పడుకోవచ్చు. కుర్చీని గోడకు ఆనించి వేయాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గచ్చు మీద జారుతుంది.

గోడ, ఇటుక: నిలబడి వేసే ఆసనాలన్నీ గోడకు వీపు ఆనించి వేస్తే పడిపోయే భయం ఉండదు. ఇటుకకు పాత గుడ్డ చుట్టి కుట్టించుకుంటే చేతికి ఊత. లావు నిఘంటువు కూడా పనికొస్తుంది గాని, సరస్వతి మీద బరువు మోపడానికి మా ఇంట్లో ఒప్పుకోలేదు.

ఒక హెచ్చరిక నా అనుభవం నుంచి. చాప జారుతోందని ఒకసారి పాత గోనెసంచి పరుచుకున్నాను. అది మిరపకాయల టిక్కీ తాలూకుది. పడుకుని దీర్ఘంగా శ్వాస తీశానో లేదో, తుమ్ములు, దగ్గు, కళ్ల మంట. గుంటూరు యార్డులో హమాలీ సోదరులు రోజూ ఏం భరిస్తున్నారో ఆ పావుగంటలో బోధపడింది. గోనె వాడదలిస్తే బియ్యం సంచి వాడండి.

రక్తపోటు, గుండె జబ్బు, కంటిలో నీటికాసులు, ఎముకల బలహీనత ఉన్నవారు డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టాలి. తల కిందికి పోయే ఆసనాలు నేను వేయను, మిమ్మల్ని వేయమని చెప్పను. మొదట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

చివరి మాట

ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. పద్మాసనం రాలేదు, ఇక రాదు. మోకాలు మాత్రం నొప్పి లేకుండా మెట్లు ఎక్కుతోంది. మొదట్లో ఇవన్నీ చూసి నవ్విన మా శ్రీమతి, "నలభై ఏళ్లు ఈ పీట మీద కూర్చుని కూరలు తరిగాను, అప్పుడెవరూ దీన్ని యోగా అనలేదు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉదయం ఇద్దరం కలిసే చేస్తున్నాం. నవారు ఒకటే, వంతులవారీగా.

మన వయసువాళ్లలో నేను గమనించిన పెద్ద జబ్బు మోకాలి నొప్పి కాదు, ఊత పట్టుకోవడానికి సిగ్గుపడటం. చేతికర్ర ఇంట్లో పెట్టి బజారుకు వెళ్లడం, బాత్‌రూములో గోడకు పిడి బిగిస్తానంటే పిల్లల మీద కోప్పడటం, మనవడు చేయి అందిస్తే విదిలించుకోవడం. మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడి తూలిన మిత్రుణ్ణి చూశాను. ఆయన్ను కూర్చోబెట్టి, వ్యాసభాష్యంలోని ఆ ఒక్క మాట చెప్పాను. ఊతతో కూర్చోవడం కూడా ఆసనమేనని శాస్త్రమే ఒప్పుకుంది.

మీ ఇంట్లో మీ అమ్మగారో, నాయనమ్మగారో నడుము నొప్పికి ఏ పీటా ఏ గంపా వాడేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. వీలైతే రెండు ముక్కలు రాసి మన పత్రికకు పంపండి. నేను మా అమ్మను అడగలేకపోయాను.

అందరి ఆయురారోగ్యాలు కోరుతూ,
మీ సోదర పెన్షనరు